మైనస్ సున్నా పాయింట్ రెండు

జూన్ 24

కొత్త బడిలో చేరాను. కవిటి దగ్గర. బదిలీల కౌన్సెలింగులో నా కన్నా నాలుగు పాయింట్లు ఎక్కువున్న మహానుభావులు పలాస చుట్టుపక్కల బడులన్నీ పంచుకున్నారు. వాళ్లలో ఒకడికి భిన్నాలు కూడడం రాదు. నాకు కిడ్నీ జబ్బుల ఉద్దానం మిగిలింది.

కాశీబుగ్గలో బస్సు, కంచిలిలో దిగి ఆటో. గంటన్నర. కొబ్బరి తోటల్లోకి వెళ్లాక ఒకచోట దారి ఎడమకి చీలుతుంది. ఆ వైపు చూడాల్సిన పని నాకు లేదు.

హెడ్మాస్టరు నీలకంఠం. ఈయనకి పాఠం జరగడం కంటే పాఠం జరుగుతున్న ఫొటో యాప్‌లోకి ఎక్కడం ముఖ్యం. నన్ను కూడా బోర్డు పక్కన నిలబెట్టి రెండు తీశాడు. "జగన్నాథం గారు, మన కొత్త లెక్కల మాస్టారు. పలాస" అని అందరికీ చెప్పాడు. అవును, పలాస.

నీళ్లు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటున్నాను, రెండు లీటర్ల సీసా. ఇక్కడి నీళ్లు వీళ్లు తాగనీ.

జూన్ 27

డ్రిల్లు మాస్టారు గున్నయ్య మొన్న మంగళవారం పదకొండింటికి వచ్చాడు. ఇవాళ గురువారం, మళ్లీ పదకొండు. బండి స్టాండు వేసి, మెడలో ఈల సర్దుకుని, ఏమీ జరగనట్టు గ్రౌండులోకి పోయాడు. నీలకంఠం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఈ బడిలో ఈల ఊదేవాడికి ఉన్న స్వేచ్ఛ లెక్కలు చెప్పేవాడికి లేదు.

జూన్ 29

శనివారం. పదకొండు పది.

జూలై 10

కిడ్నీ పరీక్షల వాళ్లొచ్చారు. పిల్లలకీ మాకూ అందరికీ రక్తం తీశారు. నేను ఈ ఊరివాణ్ణి కాదు, నాకెందుకు అన్నాను. నీలకంఠం "స్టాఫ్ నూటికి నూరు శాతం చూపించాలండి" అంటాడు. ఆయన శాతం కోసం నా చెయ్యి పొడిపించుకున్నాను.

ఫారంలో ఒక గడి ఉంది. ఉద్దానంలో నివసించిన సంవత్సరాలు. "లేదు" అని రాశాను.

పక్క గదిలో ఒక ముసలావిడ ఒళ్లు నొప్పులకి రోజూ రెండేసి నొప్పి మాత్రలు మింగుతానని నర్సుకి గొప్పగా చెబుతోంది. ఈ జనానికి ఎవరు చెప్పగలరు?

మోకాళ్లు బాగా లాగుతున్నాయి, ఆటో కుదుపులకి. కాశీబుగ్గలో ఇంకో పది నొప్పి మాత్రలు తీసుకోవాలి.

జూలై 16

కాగితం వచ్చింది. క్రియాటినిన్ 1.9, 1.2 లోపు ఉండాలట. పక్కన ఎర్ర సిరాతో గీత, "మళ్లీ చూపించుకోవలెను."

ఎండలో రెండొందల సీసాలు అట్టపెట్టెలో పెట్టి ఆటోలో తీసుకెళ్లారు, నా కళ్లతో చూశాను. ఎవడి రక్తం ఎవడి పేరు మీదకి పోయిందో. ఇంట్లో నా భార్య వేదవతికి చెప్పలేదు. చెప్పడానికేముంది.

జూలై 30

పదో తరగతి, వర్గ సమీకరణాలు. పైకి విసిరిన బంతి లెక్క చేయించాను. భూమికి రెండు మీటర్ల ఎత్తు నుంచి, సెకనుకి తొమ్మిది మీటర్ల వేగంతో పైకి విసిరితే, t సెకన్ల తర్వాత ఎత్తు −5t² + 9t + 2. నేల మీద ఎప్పుడు పడుతుంది? ఎత్తు సున్నా చెయ్యండి. (5t + 1)(t − 2) = 0. రెండు జవాబులు. రెండు సెకన్లు. లేదా మైనస్ సున్నా పాయింట్ రెండు.

"రాయండి: కాలం ఋణాత్మకం కాదు కనుక తిరస్కరించాము." ముప్పై ఏళ్లుగా ఈ వాక్యం చెబుతున్నాను. బోర్డు మీద అడ్డంగా కొట్టేసేటప్పుడు సుద్దముక్క చేసే చప్పుడు నాకిష్టం.

నలభై రెండు మందిలో ముప్పై ఎనిమిది మంది కారణం రాయకుండా కొట్టేశారు. కొట్టెయ్యడం మాత్రం బాగా వచ్చు వీళ్లకి.

ఆగస్టు 10

రెండో శనివారం. టెక్కలి వెళ్లాను. పలాసలో అయితే ప్రతి ల్యాబులోనూ వేదవతి వైపు చుట్టం ఒకడు తగులుతాడు. టెక్కలిలో నన్నెరిగినవాళ్లు లేరు. రక్తం తీసిన అమ్మాయి పేరు ఉషారాణి అని కోటు మీద ఉంది. నరం దొరక్క మూడుసార్లు పొడిచింది. "ఏ ఊరండి మీది?" అంటే పలాస అన్నాను. "మీ మాట సూత్తే ఉద్దానపోళ్లలా ఉన్నారండి" అంది. నా మాట! ముప్పై ఏళ్లు బోర్డు ముందు నిలబడి సానపట్టుకున్న మాట.

2.3.

వేదవతికి స్నేహితుడి రిటైర్మెంటు సభ అని చెప్పాను. రిపోర్టు ఈ డైరీలోనే పెట్టాను.

ఆగస్టు 14

కూరల్లో ఉప్పు ఉండటం లేదు. ఇరవై ఆరేళ్లు వంట చేసిన మనిషి ఇప్పుడు మర్చిపోతోంది. అడిగితే "నాకు సరిపోయింది" అంది. పచ్చడి జాడీ కూడా కనబడలేదు. చీమలు పట్టాయట.

ఆగస్టు 17

మళ్లీ ఉప్పు లేదు.

ఆగస్టు 23

ఇవాళ్టిది రాయకూడదనుకున్నాను. రాస్తేగాని కడుపు చల్లారదు.

కాంప్లెక్స్ మీటింగు మా బడిలో. మా మండలం, పలాస వైపు కలిపి లెక్కల మాస్టర్లు పద్దెనిమిది మంది. నేను నమూనా పాఠం చెప్పాలి, బంతి లెక్క. నీలకంఠం పొంగిపోయి "బోర్డు మీదెందుకండి, గ్రౌండులో నిజం బంతితోనే చేద్దాం, వీడియో బాగుంటాది" అన్నాడు. సరే అన్నాను. నాలుగు రోజులు కష్టపడ్డాను. గున్నయ్య చెయ్యి పైకెత్తితే బంతి వదిలే చోటు సరిగ్గా రెండు మీటర్లు, టేపు పెట్టి కొలిచాను. జెండా కర్ర మీద గుర్తులు పెట్టి, బంతి ఆరు మీటర్లు దాటి రెండు వేళ్లు పైకి వెళ్లేదాకా వాడి చేత వందసార్లు విసిరించాను. అంటే వేగం తొమ్మిది. నా లెక్క ఖచ్చితం.

మీటింగులో సమీకరణం రాసి, సాధించి, మైనస్ దాన్ని కొట్టేసి, "రెండు సెకన్లకి నేల మీద పడుతుంది, చూడండి" అన్నాను. స్టాప్‌వాచీ నీలకంఠం ఫోనులో.

గున్నయ్య విసిరాడు. 2.2.

మళ్లీ విసరమన్నాను. 2.2. మూడోసారీ అంతే.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కొలిచిన నాలుగు రోజులూ నా కళ్లు జెండా కర్ర మీదే ఉన్నాయి, అప్పుడు చూశాను గున్నయ్య చేస్తున్నది. విసరమంటే నిలబడి విసరడు. ముందు నేల దాకా వంగి, బంతిని నేలకి తాకించి, అక్కణ్ణించి ఒకే ఊపులో లేచి చెయ్యి పైకి తీసుకెళ్లి వదులుతాడు. డ్రిల్లు మాస్టారి ఉద్యోగం రాకముందు ఎనిమిదేళ్లు లారీలకి కొబ్బరికాయలు ఎక్కించాడట. కుప్పలోంచి కాయ తియ్యడం, లారీ మీద ఉన్నవాడి చేతికి విసరడం, రెండూ ఒకటే కదలిక. మధ్యలో ఆగితే నడుం పట్టేస్తుంది, కాయ గురి తప్పుతుంది. ఈ నీలకంఠమేమో వాడు వంగగానే వాచీ నొక్కేశాడు.

"బంతి చేతిలోంచి వదిలినప్పుడు నొక్కాలండీ!" అన్నాను.

గున్నయ్య బోర్డు వైపు చూస్తున్నాడు. "మాస్టారూ, ఆ కొట్టేసిందేటండి? సున్నా పాయింట్ రెండే కదండి?"

"అది అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదండి? నాను వంగినకాడి నుండి వదిలినంతవరకూ పట్టింది అంతే కదండి. సరిపోయింది కదండి లెక్క. బంతి బయల్దేరింది నా సేతిలోంచి కాదండి, నేల మీంచి."

పద్దెనిమిది మంది నవ్వారు. ఒకడు చప్పట్లు కొట్టాడు. భిన్నాలు కూడడం రానివాడే.

వాడికి చెప్పాను, అందరూ వినేలా. బంతి చేతిలో ఉన్నంతసేపూ దాన్ని నడిపేది చెయ్యి, భూమ్యాకర్షణ ఒక్కటే కాదు, కనుక ఆ సమీకరణం అప్పటికి వర్తించదు, రెండూ కలవడం కాకతాళీయం, ఈల ఊదడానికి ఇవన్నీ అక్కర్లేదు. "అలాగేనండి" అన్నాడు. తల దించుకుని బంతి తీసుకుపోయాడు.

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఎక్కడా తప్పు లేదు.

ఆగస్టు 24

శనివారం, పదకొండుంపావు. తేదీలతో సహా రాసి నీలకంఠానికి ఇచ్చాను. మంగళ, గురు, శనివారాల్లో వ్యాయామోపాధ్యాయుడు ఆలస్యంగా హాజరగుచున్నారు, తగు చర్య తీసుకొనవలెను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మాస్టారూ, మీరు ఆయన్నెప్పుడైనా ఎందుకని అడిగినారా?" అన్నాడు. అడగడం నా పనా? హెడ్మాస్టరు ఆయనా నేనా?

సెప్టెంబర్ 3

కాళ్లు వాస్తున్నాయి. చెప్పులు బిగుతయ్యాయి. ఆటో ప్రయాణం.

సెప్టెంబర్ 10

ఒక పూట సెలవు పెట్టి టెక్కలి. 2.4.

సెప్టెంబర్ 11

నిన్న తిరుగు బస్సులో కూర్చుని చేశాను. ఇంత తేలిక విషయం ఇన్నాళ్లూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

1.9, 2.3, 2.4. మొదటి తేడా 0.4, రెండో తేడా 0.1. పెరుగుదల తగ్గుతోంది! విసిరిన బంతి కూడా అంతే, పైకి పోతూ పోతూ నెమ్మదిస్తుంది, ఆగుతుంది, దిగుతుంది. జూలైని సున్నా అనుకుంటే, n నెలలకి −0.15n² + 0.55n + 1.9. మూడు విలువలూ అచ్చంగా సరిపోయాయి. అక్టోబరుకి 2.2. నవంబరుకి 1.7. డిసెంబరుకి 0.9, అంటే నార్మల్.

ఇది పరావలయం. పైకెళ్లింది దిగుతుంది. డాక్టర్ల దగ్గరికి పరిగెత్తి, సూదులు పొడిపించుకుని, ఏడ్చి, గుళ్లకి మొక్కే జనానికి ఈపాటి లెక్క రాదు. వస్తే సగం ఆసుపత్రులు మూతపడతాయి.

హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత కాఫీ రుచి తెలిసింది.

సెప్టెంబర్ 19

ఉప్పు లేదు. విసురుగా కంచం తోశాను. వేదవతి లేచింది. కంచం తీసి, చెయ్యి కడుక్కుని, పక్క గదిలోకి పోయింది.

సెప్టెంబర్ 26

ఆటోవాడు ఇవాళ ఎవర్నో దింపాలని ఎడమ దారిలోకి తిప్పాడు. ఆపమని అరిచి దిగిపోయాను. నడిచి బడికి వచ్చాను. పదకొండు దాటింది. గేటు దగ్గర గున్నయ్య అప్పుడే బండి దిగుతున్నాడు. ఇద్దరం కలిసే లోపలికి నడిచాం. వాడు నా కోసం అడుగులు తగ్గించి నడిచాడు. నాకదే ఒళ్లు మండింది.

"మాస్టారూ, కాళ్లు అలా ఉన్నాయేటి?" అన్నాడు చివరికి.

నా కాళ్ల సంగతి వాడికెందుకు.

అక్టోబర్ 9

దసరా సెలవులు. రేపు టెక్కలి. 2.2 రావాలి. 2.1 వచ్చినా ఆశ్చర్యపోను.

అక్టోబర్ 10

3.1

అక్టోబర్ 11

ల్యాబు తప్పు.

అక్టోబర్ 12

పండగ. ల్యాబు తప్పు కాదు. అదే ల్యాబు, అదే ఉషారాణి, మొన్న ఒక్కసారికే నరం పట్టుకుంది.

మూడు బిందువులు ఇస్తే వాటి గుండా వర్గ సమీకరణం ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. ఎప్పుడూ. ఏ మూడు సంఖ్యలిచ్చినా సరే. మా ఇంటి నంబరు, బస్సు నంబరు, నా వయసు ఇచ్చినా దొరుకుతుంది. పదో తరగతి పిల్లవాడెవడైనా మూడు చుక్కలు పెట్టి, గీత గీసి, నాలుగోది ఇక్కడే పడుతుందని అంటే చెవి మెలిపెట్టేవాణ్ణి. బంతిని కిందికి లాగడానికి భూమి ఉంది. నా రక్తంలో దీన్ని కిందికి లాగేదేముంది?

జనవరికి ఎంత వస్తుందో ఆ సమీకరణంలోనే చూశాను. డిసెంబరు దగ్గర ఎందుకు ఆగానో ఇప్పుడు తెలిసింది. n కి ఆరు పెడితే మైనస్ 5.4, ప్లస్ 3.3, ప్లస్ 1.9.

మైనస్ సున్నా పాయింట్ రెండు.

నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. వేదవతి వంటింట్లోంచి తొంగి చూసింది. ఈ జిల్లాలో ఇంతమంది వెధవల్ని చూశాను, ముప్పై ఏళ్ల అనుభవమున్న వెధవ ఒకడు నా చొక్కాలోనే ఉన్నాడు.

అక్టోబర్ 15

మంగళవారం. బడికి సెలవు పెట్టి పలాస ఆసుపత్రికి వెళ్లాను. ఎవరు చూస్తే చూడనీ అనుకున్నాను గాని, తువ్వాలు మాత్రం ముక్కు దాకా కట్టుకున్నాను.

వరండాలో బెంచీల మీద మనుషులు. చంకలో సంచీ, చేతిలో ఫైలు, మోచేతి దగ్గర పట్టీ. వాళ్ల మధ్య గున్నయ్య కూర్చుని ఉన్నాడు. ఈల లేదు. ఒళ్లో టిఫిను క్యారేజీ.

తువ్వాలు ఉన్నా గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, ఇటు కూకోండి."

"నువ్విక్కడేంటి?"

"మా ఇంటిది దేవి లోపలుందండి. డయాలిసిస్. మూడేళ్లయిందండి. మంగళ, గురు, శని. పొద్దున్నే తెచ్చి కూకోబెట్టి బడికి వచ్చేత్తాను. అయిపోయాక మా బామ్మర్ది దించుతాడు. ఇయ్యాల ఆడు లేడని నానే ఉండిపోనాను."

మంగళ, గురు, శని. నేను తేదీలతో సహా రాసిచ్చాను. తగు చర్య తీసుకొనవలెను. నాకు సిగ్గేసింది. ఇంతకంటే బాగా ఎలా రాయాలో తెలీదు. సిగ్గేసింది.

"ఆ కాగితం నేను..." అన్నాను.

"హెడ్మాస్టరు సూపించినారండి. ఒగ్గేయండి. మీకు తెల్దు కదా." వెంటనే నా కాళ్ల వైపు చూశాడు. "ఎంతొచ్చింది?"

నా భార్యకి చెప్పనిది, ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పనిది, వాడికి చెప్పాను. మూడు పాయింట్ ఒకటి. "నొప్పి మాత్రలేటైనా మింగుతన్నారా?" అన్నాడు. మోకాళ్లకి అన్నాను. వాడు కళ్లు మూసుకుని తల ఊపాడు. అలా తల ఊపడం నేను బోర్డు దగ్గర తప్పు లెక్క చూసినప్పుడు చేస్తాను.

పేరు రాసే కిటికీ దగ్గరికి తనే తీసుకెళ్లాడు. అదే ఫారం. కిటికీ లోపలి అమ్మాయి తలెత్తకుండా అడుగుతోంది. పేరు. జగన్నాథం. వయసు. యాభై ఒకటి. పని. లెక్కల మాస్టారు. ఉద్దానంలో ఎన్నేళ్లున్నారు?

"లేదమ్మా. పలాస."

పెన్ను కదలబోతోంది. గున్నయ్య నా పక్కన, చిన్న గొంతుతో, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"మాస్టారూ, రత్నాలమ్మ గారి నూతి నీళ్లు మీతోపాటు నానూ తాగినాను."

రత్నాలమ్మ మా అమ్మమ్మ. ఆ పేరు ముప్పై ఏడేళ్లుగా ఎవరూ నా ముందు అనలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు బళ్లో సేరిన్నాడే. మీరు ఏడో తరగతి సదివినప్పుడు నాను మూడు. మీరు ఎడం సేత్తో తాడు లాగీవోరు. నాకు గళాసు నింపి ఇచ్చీవోరు. మీకు సెప్పుకోడం ఇష్టం లేనట్టుంటే నానెందుకు సెప్పాలని ఊరుకున్నాను."

ఎడమ దారి. దాని చివర నుయ్యి. నాన్న గుమస్తా ఉద్యోగంలో ఊళ్లు తిరుగుతుంటే నన్ను అక్కడ వదిలారు. పలాస వచ్చాక హైస్కూల్లో నా యాస విని తరగతంతా నవ్వింది. ఆ రోజే నేను పలాసవాణ్ణయిపోయాను. అంతకుముందు సంగతి కొట్టేశాను. కారణం కూడా రాయలేదు.

"పద్నాలుగు" అన్నాను కిటికీలోకి.

"పద్నాలుగు నెలలా?"

"పుట్టినప్పట్నుంచి పద్నాలుగేళ్లు."

ఆ అమ్మాయి రాసుకుంది. అంతే. భూమి బద్దలవలేదు.

డాక్టరు కుర్రవాడు. నా అలవాటు కొద్దీ వెక్కిరించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. నీళ్లో, మరొకటో, కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదన్నాడు. నొప్పి మాత్రలు ఇవాళ్టితో బందు, ఉప్పూ పచ్చళ్లూ బాగా తగ్గించాలి. ఇది ఈ మూడు నెలల్లో మొదలైంది కాదు, జూలైలో నా చేతికి కాగితం వచ్చేసరికే ఎన్నో ఏళ్లుగా లోపల నడుస్తోంది అన్నాడు. ఇప్పటికైనా వచ్చారు, జాగ్రత్తపడితే మిషను దాకా వెళ్లకుండా చాలా కాలం నెట్టుకురావచ్చన్నాడు. జూలైలోనే ఎందుకు రాలేదని అడిగాడు. వర్గ సమీకరణం రాశానని ఆయనకి చెప్పలేదు.

బయటికొచ్చేసరికి దేవిని చక్రాల కుర్చీలో తెచ్చారు. గున్నయ్య వంగి, చేతులు ఆమె కిందికి పోనిచ్చి, ఒకే ఊపులో లేపి ఆటోలో కూర్చోబెట్టాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

వాడికి ఒక మాట చెప్పాలి. కొట్టేసిన జవాబుకి అర్థం ఉంది. బంతి చేతికి రాకముందు కూడా అదే దారిలో వచ్చి ఉంటే, ఎప్పుడు నేల వదిలి ఉండేదో అది చెబుతుంది. మొదలుపెట్టింది మనం వాచీ నొక్కినప్పుడు కాదని చెబుతుంది. ఆ రోజు గ్రౌండులో పందొమ్మిది మంది లెక్కల మాస్టర్లలో ఒక్కడూ అనలేదు. డ్రిల్లు మాస్టారు అన్నాడు.

చెప్పలేదు. ఆటో వెళ్లిపోయింది. బడిలో చెబుతాను, పిల్లల ముందు.

అక్టోబర్ 16

పొద్దున్న వేదవతిని కూర్చోబెట్టి ఫైలు ముందు పెట్టాను. తెరవలేదు.

"మూడు పాయింట్ ఒకటి" అన్నాను.

"రెండు పాయింట్ మూడు వరకే తెలుసు నాకు" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆగస్టు పదకొండు. డైరీ దులుపుతుంటే కాగితం జారిపడింది. డైరీ చదవలేదండీ, ఒట్టు. మీరే చెబుతారని ఎదురు చూశాను. ఇన్నాళ్లు పడుతుందనుకోలేదు." అప్పుడు ఏడ్చింది. నేను మాత్రం ఏం తక్కువ ఏడ్చాను.

ఆగస్టు 14. ఆగస్టు 17. సెప్టెంబర్ 19. వెనక్కి తిప్పి నా రాతే చదువుకున్నాను. మర్చిపోతోందట.

మధ్యాహ్నం బీరకాయ కూర. ఉప్పు లేదు. రెండోసారి వడ్డించుకున్నాను.